ఇబ్రి అవతల, ఇమాము పుస్తకాల గదిలో

ఒమాన్ నుంచి సెలవు మీద వచ్చిన ప్రతిసారీ నన్ను అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. ఎండలు ఎలా ఉంటాయి, బంగారం ఎంత ఉంది. చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది. అక్కడ చూడడానికి ఏమున్నాయి అని అడిగినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరు లేరు. ఇసుక తప్ప ఏముంటుందిలే అని వాళ్ళే తీర్మానించేసుకుంటారు. డెబ్భై ఏడు చలికాలంలో నేను సెలవు పెట్టి మరీ వెళ్ళి ఒక ఇల్లు చూసివచ్చాను. ఒకప్పుడు ఆ దేశపు లోపలి ప్రాంతాన్ని ఏలిన పెద్దాయన ఇల్లు, ఆయన వస్తువులు, ఆయన పుస్తకాలు. అది చూడబోయి ఒక మనిషి బతుకుదెరువు మీదికి తెచ్చాం. ఆ ఊరి పేరు రాయను. ఇందులో వచ్చేవాళ్ళు ఇంకా అక్కడే పనిలో ఉన్నారు.

షినాస్

నేను నర్సుని. మాది నరసాపురం పక్కన పల్లె. ఒమాన్‌లో నా ఉద్యోగం షినాస్‌లో. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, చేపలూ ఖర్జూరం తోటలూ నాలుగు కొట్లూ తప్ప పెద్దగా ఏమీ లేవు. మేం పులుసు పెట్టుకునే కవళ్ళలాంటి చేపల్ని అక్కడ ఇసుకలో ఆరబోసి ఆవులకు మేతగా వేస్తారు. వచ్చిన కొత్తలో అది చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది. ఆ పాలతో టీ పెడితే చేప వాసన వస్తోందని నేనంటే, వార్డులో వాళ్ళు జబ్బు నీ ముక్కుకే అనేవారు.

ఆ వార్డులోకే ఉమ్ సాలెం వచ్చింది. ఉమ్ సాలెం అంటే సాలెం తల్లి. పెద్దవయసు ఆడవాళ్ళని అక్కడ పెద్దకొడుకు పేరు పెట్టే పిలుస్తారు. మరుగుతున్న ఖర్జూరపు పాకం ఒలికి ఆవిడ చెయ్యి మోచేతి దాకా కాలింది. కట్టు మార్చేటప్పుడు అరవకుండా నా జడ పట్టుకుని కూర్చునేది, ఆ నొప్పంతా నా నెత్తికెక్కేది. చెయ్యి మానాక, తన పుట్టింటికి నేను రావాల్సిందేనని పట్టుబట్టింది. ఆ పుట్టిల్లు ఇబ్రి దాటి, కొండల కింద. ఆవిడ అన్నగారు ఖల్ఫాన్ అక్కడ ఇమాము ఇంటికి కాపలా పెద్ద.

ఇమాము అంటే మనకు మసీదులో నమాజు చేయించే ఆయన గుర్తొస్తాడు. అక్కడి పాత రోజుల్లో లోపలి ఊళ్ళన్నిటినీ ఏలినవాణ్ణి ఇమాము అనేవారు. తెగల పెద్దలు కూర్చుని ఎన్నుకునేవారట. తండ్రి ఇమాము అయితే కొడుకూ ఇమాము కావాలనేమీ లేదు. మన రాష్ట్రపతి లాంటివాడన్నమాట అని నేను సర్దిచెప్పుకున్నాను. మనవైపు పెద్ద నాయకులు పోయాక వాళ్ళ ఇంటిని మ్యూజియం చేసి, కళ్ళజోడూ చెప్పులూ మంచమూ అద్దాల వెనక పెట్టి చూపిస్తారు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను.

సెలవిచ్చేటప్పుడు మా మేట్రన్ నన్ను నిలబెట్టి మాట్లాడింది. సముద్రం ఒడ్డు మనుషులు వేరు, లోపలి మనుషులు వేరు, అక్కడ మర్యాద తప్పితే ఊరుకోరు, ఏదైనా మాట వస్తే నేను అడ్డం పడలేను అంది. నా వయసుకి ఆ పాఠం అక్కర్లేదనుకుని తలూపి వచ్చేశాను.

ఏరు దిగిన చోట

సాలెం పికప్‌లో ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. వెనక ఎండు సొరచేప, నిమ్మకాయల బస్తా, కాళ్ళు కట్టేసిన ఒక మేక. సొహార్ దాటి కొండల్లోకి తిరిగాక, మంచి తారు రోడ్డు మీద సాలెం బండి ఆపేశాడు. ముందు ఒక ఎండిపోయిన ఏరు రోడ్డుకి అడ్డంగా ఉంది. చుక్క నీరు లేదు. మా నెత్తిన ఎండ కాస్తోంది. సాలెం మాత్రం దూరంగా కొండల మీద నల్లగా ఉన్న మబ్బునే చూస్తున్నాడు.

ఎండిన ఏటిని చూసి భయపడేవాణ్ణి నేను అప్పుడే చూడడం. గోదావరి పక్కన పుట్టినదాన్ని, వరదంటే నాకు చెప్పాలా అని తెలుగులోనే గొణిగాను. మా వెనక ఒక లారీ వచ్చి హారన్ కొట్టి కొట్టి, తిట్టి, చివరికి అదీ ఆగింది. ఉమ్ సాలెం పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోందని అర్థమైంది. కాసేపటికి గులకరాళ్ళ చప్పుడు మొదలైంది. ఆ వెంటనే ఎర్రటి నీరు, మనిషి ఎత్తున, ఖర్జూరం మొద్దులు దొర్లించుకుంటూ మా ముందు నుంచి వెళ్ళిపోయింది. మేం గనక దిగి ఉంటే ఇది రాసేదాన్ని కాను.

నీరు తగ్గేదాకా సాయంత్రం వరకూ అక్కడే కూర్చున్నాం. ఆ రాత్రి బురైమీలో వాళ్ళ చుట్టాలింట్లో ఎండు సొరచేప పొడుం కలిపిన అన్నం పెట్టారు. ఆడవాళ్ళమంతా ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తిన్నాం. మంచి ముక్కలన్నీ ఏరి నా వైపు తోస్తున్నారు. మా ఇంట్లో చివర తినే ఆడవాళ్ళకి మిగిలేది తల, తోక. ఆ మాట చెప్పాలనుకున్నాను గాని, దానికి సరిపడా అరబ్బీ నాకు రాదు. నాకొచ్చిన అరబ్బీ అంతా వార్డుదే. నోరు తెరు, ఎక్కడ నొప్పి, మందు మింగు, ఇప్పుడెలా ఉంది.

ఇబ్రి సంత

బురైమీ తర్వాత తారు లేదు. దుమ్ములో నా తెల్లచీర ఇబ్రి చేరేసరికి గోధుమరంగుకి వచ్చింది. టైరు ఒకసారి పగిలింది. ఇబ్రిలో మేకల వేలం చూడాలి. అమ్మేవాళ్ళు మేకల్ని పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ధర అరుస్తుంటారు. కొనేవాళ్ళు మధ్యలో గొంతుక్కూర్చుని, దగ్గరికొచ్చిన మేక పొదుగు పట్టి చూసి తల అడ్డంగా ఊపేస్తారు. మగవాళ్ళందరి నడుముకీ వంపు తిరిగిన కత్తి, కొందరి భుజాన తుపాకీ. తుపాకీ తగిలించుకుని ఉల్లిపాయలు బేరమాడుతున్న ముసలాయన్ని చూసి నేను పక్కకు తప్పుకున్నాను. బట్టలకు రంగు వేసేవాళ్ళ చేతులు మణికట్టు దాకా నీలిమందు నీలం. హల్వా చిన్న గిన్నె ఒక రియాల్ చెప్పాడు. మన డబ్బుల్లో ఇరవై రూపాయల పైమాటే, మా ఊళ్ళో ఆ డబ్బుకి పెళ్ళిభోజనంలో మిఠాయి చేయించవచ్చు. ఉమ్ సాలెం కొట్టువాడిని నాలుగు తిట్టి ఊరికే ఇప్పించింది.

అక్కడే వెనక నుంచి తెలుగు వినబడింది.

“ఏందక్కా, నువ్విటొచ్చినవ్?”

లింగయ్య. జగిత్యాల దగ్గరి మేస్త్రీ. ముందటేడు షినాస్ సైటులో పరంజా మీది నుంచి పడి మా వార్డులో ఉన్నాడు. తర్వాత కంపెనీ లోపలికి పంపించేసిందని విన్నాను. బియ్యం, పప్పు కొనడానికి ఇబ్రి వచ్చాడట. నేనెక్కడికి వెళ్తున్నానో చెబితే అతను నవ్వాడు. ఆ ఇమాము ఇంటి గోడ బాగుచేస్తున్నది వీళ్ళ కంపెనీయే.

“బయటి గోడంత నా చేతులతోనే మెత్తిన అక్కా. లోపట ఏమున్నదో ఒక్కనాడు సూడలే. పనోళ్ళను గడప దాటనియ్యరు. నీతోని తోల్కపోరాదు?”

ఊరికే అడగలేదు. అడిగాక కళ్ళు కిందికి దించుకున్నాడు. ఇతనికి ఇంటి దగ్గర పెళ్ళాం, తల్లి. లోకంలో ఇళ్ళన్నీ కట్టాడు గాని జగిత్యాలలో సొంత ఇంటికి గోడలు లేచాయి, కప్పు పడలేదు. ఇంకో రెండేళ్ళ డ్యూటీ చేస్తే గాని అది పడదు. అది కూడా పైలంగా, ఏ మాటా పడకుండా ఉంటేనే, అన్నాడు. ఈ మధ్యే వాళ్ళ రూమువాడొకడు ఊరి తాగునీటి కాలువలో సిమెంటు తట్ట కడిగాడట. పాస్‌పోర్టులన్నీ యజమాని దగ్గరే ఉంటాయి. వాడు ఆ సాయంత్రమే సామాను సర్దాల్సి వచ్చింది, సైటు బట్టల్లోనే విమానమెక్కించారు. అలాంటి చోట అతిథినైన నేను ఇంకొకణ్ణి వెంటబెట్టుకుని పోవచ్చా అని ఒక్క నిమిషం తటపటాయించాను. తర్వాత సాలెం వైపు తిరిగి, ఇతను కూడా వస్తాడు అన్నాను.

ఇమాము ఇల్లు

ఇల్లంటే ఇల్లు కాదు. మట్టితో కట్టిన మూడంతస్తుల కోట, కింద ఖర్జూరం తోట, ముందు కాలువ. బయటి గోడ సగం పాతది, సగం లింగయ్య వాళ్ళు కొత్తగా మెత్తింది. ఖల్ఫాన్ పెద్దాయన గుమ్మం దగ్గరే ఉన్నాడు. బక్కపల్చని మనిషి, తెల్లటి గడ్డం, మెడలో కొడవలంత తాళంచెవి. చెల్లెలి చెయ్యి తిప్పి తిప్పి చూసి, మచ్చ మీద వేళ్ళు ఆనించి, నా వైపు తిరిగి తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. వాళ్ళలో అది పెద్ద కృతజ్ఞత.

లింగయ్య దగ్గరికి వచ్చేసరికి ఆ మొహం మూసుకుపోయింది. పనివాళ్ళు లోపలికి రారని సాలెంతో అన్నాడు. ఇతను మా దేశంవాడు, నాకు తమ్ముడిలాంటివాడు అన్నాను. పెద్దాయన లింగయ్యని కాళ్ళ నుంచి తల దాకా చూశాడు. గోడ మీద ఆ మనిషిని అయిదు నెలలుగా రోజూ చూస్తూనే ఉండి ఉంటాడు, కానీ మొహం అప్పుడే చూసినట్టుంది. చివరికి, “నీ మాట మీద” అని నాతో అన్నాడు. చెప్పులు విప్పించాడు. లోపల ఏదీ ముట్టుకోకూడదు, చేతులు వెనక్కి కట్టుకోవాలి అని రెండుసార్లు చెప్పాడు. నేను తెలుగులో ఇంకో రెండుసార్లు చెప్పాను.

ఉమ్ సాలెం ఆడవాళ్ళ దగ్గర ఉండిపోయింది. మిగిలిన నలుగురం పైకి ఎక్కాం. కింద ఖర్జూరం కొట్టు. నేలంతా గాడులు, పైన పేర్చిన ఖర్జూరం బస్తాల పాకం వాటిలోంచి కారి కుండల్లోకి చేరుతుంది. గుమ్మం నెత్తిన ఒక కంత ఉంది. శత్రువులు తలుపు విరగ్గొట్టేటప్పుడు ఆ కంతలోంచి మరిగే పాకం పోసేవారని సాలెం సైగలు చేసి చెప్పాడు. ఉమ్ సాలెం చెయ్యి ఎలా ఉండేదో రోజూ చూసినదాన్ని, ఆ కంత కింద నుంచి గబగబా దాటేశాను. తర్వాత ఇమాము కూర్చునే గది. ఈతచాప, కాఫీ చెంబు, కత్తి, అరిగిపోయిన తోలు చెప్పులు. అద్దాలు లేవు, చుట్టూ తాడు లేదు. ఆ మనిషి పక్క గదికి వెళ్ళాడు, ఇప్పుడే వస్తాడు అన్నట్టు ఉన్నాయి. మనవైపు మ్యూజియంలో నాయకుడి చెప్పులు చూస్తే ఆయన పోయాడని తెలుస్తుంది. ఇక్కడ నాకు గొంతు తగ్గించి మాట్లాడాలనిపించింది.

పుస్తకాల గది

పుస్తకాల గది అన్నిటికన్నా పైన. తలుపు ఎంత పొట్టిదంటే, ఎంతటివాడైనా వంగి వెళ్ళాల్సిందే. గోడల్లో గూళ్ళ నిండా పుస్తకాలు, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి. గూళ్ళు చాలక మిగిలినవి నేల మీద చాప పరిచి పెట్టారు. చలికాలం ఎండ తగలాలని కొన్నిటిని తెరిచి ఉంచారు. చెదలు పట్టిన అంచులు, ఎర్ర సిరా, నల్ల సిరా. ఇమాము చేత్తో రాసుకున్నవీ వాటిలో ఉన్నాయట. వెలుతురు చాలడం లేదని పెద్దాయన మాకు వీపు తిప్పి కిటికీ తలుపు గడియ తీస్తున్నాడు.

ఆ గదిలో అందరూ పుస్తకాలే చూస్తారు. లింగయ్య మేస్త్రీ కదా, కప్పు చూశాడు. దూలాల మధ్య చెక్కల మీద ఎర్రటి పువ్వులు, తీగలు, అల్లిన అక్షరాలు గీసి ఉన్నాయి. తల పూర్తిగా వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని, బాగా కనబడాలని ఒక అడుగు వెనక్కి వేశాడు. అతని మడమ చాప మీది పుస్తకానికి తగిలింది. తెరిచి ఉన్న పుస్తకం అట్ట మూసుకుపోయి చిన్న చప్పుడైంది.

ఆ చప్పుడు ఎవరూ వినలేదు, నేను తప్ప. పెద్దాయన గడియతో కుస్తీ పడుతున్నాడు. సాలెం తలుపు బయట ఉన్నాడు. లింగయ్య గనక కదలకుండా నిలబడి ఉంటే అంతటితో అయిపోయేది. కానీ మనవాళ్ళు నిలబడగలరా? కాలు తగిలీ తగలగానే వంగిపోయాడు. పుస్తకాన్ని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. అది ఆలోచించి చేసే పని కాదు, తుమ్ము లాంటిది. మా ఇంట్లో బైబిలు చేతిలోంచి జారితే మా అమ్మా అదే చేసేది. పాస్టరుగారు చూసి అది అన్యాచారమమ్మా అని ఎన్నిసార్లు మందలించినా, సరే అయ్యగారూ అని, మళ్ళీ జారినప్పుడు మళ్ళీ కళ్ళకద్దుకునేది.

మూడోసారికి కిటికీ తెరుచుకుంది. పెద్దాయన ఇటు తిరిగాడు.

తన్నడం చూడలేదు. ముట్టడం చూశాడు. ముట్టుకోనని మాట ఇచ్చి లోపలికి వచ్చిన పనివాడు, చాప మీదికి వంగి, పుస్తకంలోంచి ఏదో తీసి కళ్ళకు రాసుకుంటున్నాడు. ఆయనకు కనబడింది అదే.

“ఏం తీశాడు?” అన్నాడు.

లింగయ్య చేతులు చాపమన్నాడు. అరచేతులు తిప్పి చూశాడు, వేళ్ళ సందులు చూశాడు, గడ్డం పట్టి వెలుతురు వైపు తిప్పి కళ్ళలోకి చూశాడు. పవిత్రమైన రాతల్లోంచి సిరా గీకి మందుమాకులకీ చేతబడికీ వాడేవాళ్ళుంటారని వాళ్ళ భయం. మనవైపు మాత్రం లేదా అలాంటి భయం? చేతుల్లో ఏమీ కనబడకపోయేసరికి ఆయనకి అనుమానం ఇంకా పెరిగింది. సాలెంని కేకేసి, వెళ్ళి వాలీ గుమ్మం దగ్గర నుంచి అస్కరీని పిలుచుకురా అన్నాడు. వాలీ అంటే మన తహసీల్దారు లాంటి అధికారి, జైల్లో వేయగల తహసీల్దారు. అస్కరీ ఆయన తుపాకీ బంట్రోతు. సాలెం నా మొహం వైపు ఒకసారి చూసి, మేనమామ మాట కాదనలేక మెట్లు దిగాడు. పెద్దాయన తలుపుకి అడ్డంగా కూర్చున్నాడు.

ఉన్నమాట చెబితే, ఈ కాఫిరు మీ పుస్తకాన్ని కాలితో తన్నాడని నా నోటితో నేనే చెప్పినట్టు. అది ఖురానే అయితే? చెప్పకుండా భక్తితో మొక్కాడంటే, పుస్తకాన్ని విగ్రహంలా పూజించాడంటారు, అది ఇంకో నేరం. ఏమీ చెప్పకపోతే దొంగ. మూడింటిలో దేనికైనా ఇతను ఇంటికే, కప్పు లేని ఇంటికి. నా మాట మీద లోపలికి వచ్చినవాడు. ప్రభువా, నాకు ఒక మాట ఇవ్వు అని లోపల లోపల ఏడ్చాను.

“దాచకక్కా,” అన్నాడు లింగయ్య. “కాలు తాకింది, మొక్కిన. ఉన్నదున్నట్టు చెప్పు. అబద్ధమాడితే నీ మీదికొస్తది.”

చెప్పడానికి నా దగ్గర ఉన్నది వార్డు అరబ్బీ ఒక్కటే. క్షమాపణ అనే మాట కూడా అప్పటికి నాకు రాదు. తెలిసిన మాటలనే కూర్చుకుని చెప్పాను. ఇతని కాలు, పుస్తకానికి నొప్పి చేసింది. కావాలని కాదు. మా దేశంలో కాలు తగిలితే, చేతితో ముట్టి, కళ్ళకి పెట్టుకుంటాం. పుస్తకంతో చెబుతాం, నొప్పి వద్దు, కోపం వద్దు అని.

పెద్దాయన నెమ్మదిగా, చిన్నపిల్లకి అర్థమయ్యేలా నన్ను అడిగాడు.

“పుస్తకానికి నొప్పి తెలుస్తుందా?”

నేను తెలుగులో లింగయ్యకి చెప్పాను.

“దానికి తెల్వదు,” అన్నాడు. “మనకు తెలుస్తది గద.”

అది ఎలా చెప్పానో నాకే గుర్తులేదు. పుస్తకానికి కాదు, మాకు నొప్పి అన్నాననుకుంటాను. పెద్దాయన లేచి, ఆ పుస్తకాన్ని చాప మీది నుంచి తీసి, భుజం మీది గుడ్డతో అట్ట తుడిచి, ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన మొహంలో నాకు ఏమీ అందలేదు. రోగుల మొహాలు చదివి చదివి బతికినదాన్ని, ఆ రోజు ఒక్క అక్షరం చదవలేకపోయాను. ఈలోగా మెట్ల మీద చప్పుడైంది, తుపాకీ మడమ ప్రతి మెట్టుకీ తగులుతోంది.

కాఫీ

అస్కరీ వంగి లోపలికి వచ్చాడు. పడుచువాడు, గట్టిమనిషి. సాలెం అతని వెనకే ఖర్జూరం పళ్ళెం, కాఫీ చెంబుతో వచ్చాడు. ఎంత గొడవైనా ఇంటికొచ్చినవాడికి కాఫీ పొయ్యకుండా మాట మొదలెట్టకూడదు. ఇద్దరూ సలాములు చెప్పుకున్నారు, ఒకరి ఆరోగ్యం ఒకరు అడిగారు, పిల్లల గురించి, మేకల గురించి, నీటి గురించి అడిగారు. తర్వాత అస్కరీ అడిగాడు, “ఖబర్ ఏమిటి?”

“ఏ ఖబరూ లేదు,” అన్నాడు పెద్దాయన.

లింగయ్యకి ఖబర్ అన్న మాట తెలుసు, ఉర్దూలో విన్నదే, మన కబురు. బతికాం అన్నట్టు నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. లోపలి ఊళ్ళ నుంచి వచ్చిన రోగుల దగ్గర ఈ అలవాటు మా వార్డులో చాలాసార్లు చూశాను. మొదటిసారి అడిగితే ఎవరైనా సరే ఏ ఖబరూ లేదనే అంటారు. కొడుకు పోయిన తండ్రి కూడా చుట్టాలు రాగానే అదే అన్నాడు. ఖర్జూరం తిని, కాఫీ తాగి, చేతులు కడుక్కున్నాక అప్పుడు చెప్పాడు. ముందు చెప్పే మాట మర్యాద. రెండోసారి అడిగినప్పుడు చెప్పేదే అసలు మాట.

అందుకని ఆ కాఫీ అయ్యేదాకా కాచుకుని కూర్చున్నాం. సాలెం అందరికీ పోశాడు, మాకు కూడా. ఏలకుల వాసన, చేదు. లింగయ్య ఆ చిన్న గిన్నెని రెండు చేతులతో పట్టుకున్నాడు. అస్కరీ తీరిగ్గా ఖర్జూరం గింజలు పళ్ళెం అంచున పెడుతున్నాడు. ఇంకో గిన్నె పోయించుకున్నాడు. ఆ మనిషి మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పెద్దాయన ఒళ్ళో పుస్తకం అలాగే ఉంది. నేను మనసులో కీర్తన ఒకటి మొదలుపెట్టి, మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

అస్కరీ చివరికి ఖాళీ గిన్నెని అటూ ఇటూ ఊపి ఇచ్చేశాడు, ఇక చాలని. మూతి తుడుచుకున్నాడు. మా ఇద్దర్నీ ఒకసారి చూశాడు.

“ఇప్పుడు చెప్పు, ఖబర్ ఏమిటి?”

“ఉంది,” అన్నాడు పెద్దాయన.

లింగయ్య గిన్నె కింద పెట్టేశాడు. అతని చూపు తలుపు మీదికి పోయింది. నేను చెప్పాల్సిన పని లేదు, ఆ ఒక్క మాటా అతనికి అర్థమైంది. పెద్దాయన పుస్తకం మీద చెయ్యి వేసి, తొందర లేకుండా మాట్లాడుతున్నాడు. వాలీ పేరు వచ్చింది. కంపెనీ మాట వచ్చింది. వేలితో లింగయ్యని చూపించాడు. అస్కరీ భుజం మీది తుపాకీ సర్దుకుని తలూపాడు. నేను మాటల వెనక పరిగెత్తుతున్నాను, సగం జారిపోతున్నాయి. నాకందినంత వరకూ ఆయనన్నది ఇది.

“ఇమాము పుస్తకాలు నేల మీద ఉన్నాయి. అక్కడ పెట్టింది నేను. కాళ్ళున్న మనుషులు వచ్చేచోట పెట్టాను. వాలీతో చెప్పు, ఈ మేస్త్రీని బయటి గోడ మీద నుంచి తీసేసి రేపటి నుంచి లోపలి పనికి పంపమనాలి. ఈ గోడ పొడవునా పుస్తకాలకి తిన్నె కట్టాలి. వేరేవాడు వద్దు, ఇతనే.”

అస్కరీ, ఇంతేనా, దీనికా నన్ను రమ్మన్నావు అన్నట్టు చూశాడు. పెద్దాయన, ఇంతే అన్నాడు. తుపాకీ మెట్లు దిగిపోయింది.

“ఏమన్నడక్కా?” అని లింగయ్య నా చెంగు పట్టుకుని అడుగుతున్నాడు. “ఎప్పుడు పొమ్మన్నడు?”

కళ్ళనీళ్ళు తుడుచుకుని, తుడుచుకుని, ముక్కలు ముక్కలుగా చెప్పాను. అతను నమ్మలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. అప్పుడు లేచి, ఆ గోడ వైపు చూసి, ఎంత ఎత్తు కట్టాల్నో అడుగక్కా అన్నాడు. నేను పెద్దాయన్ని అడిగాను.

“ఇతని కాలు అందనంత,” అన్నాడాయన, నవ్వకుండానే.

ఆ మాట తెలుగులో చెప్పగానే, అంతసేపూ రాయిలా ఉన్న లింగయ్య ఆ గది మధ్యలో గొంతుక్కూర్చుని రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. పెద్దాయన చెంబు అందుకుని, అతని గిన్నెలో చల్లారిపోయిన కాఫీ పారబోసి, వేడిది పోశాడు.